ఆర్డరు ముందు, ఏర్పాటు వెనక: బడి భాషకు లెక్క రాద్దాం

(విద్యార్థులు, ఉద్యోగులు కలిసి పెట్టుకున్న సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఇయ్యాల మాకు ఇచ్చిన అంశం కొంచెం చిత్రంగ ఉన్నది. కంపెనీలు నడిపేటోళ్ల మేనేజ్‌మెంట్ సూత్రాలు, బడిలో భాషా చదువుకు ప్రణాళిక వేసుకునే పనిలో మనకు అక్కరకొస్తయా, రావా? ఈ మాట వినంగనే టీచరు మిత్రులు కొందరు నవ్విండ్రు. ఎందుకు నవ్విండ్రో మాకు తెలుసు. మనకు మేనేజ్‌మెంట్ అంటే ప్రైవేటు కాలేజీ యాజమాన్యం. మేనేజ్‌మెంట్ కోటా. ఫీజు కట్టలేదని పిల్లను పరీక్ష హాలు బయట నిలబెట్టేటోళ్లు.

ఇంకో జ్ఞాపకం కూడా ఉన్నది. 1999లో ఉమ్మడి రాష్ట్రంలో మెకిన్సీ కంపెనీ సాయంతో విజన్-2020 పత్రం తయారైంది. ముఖ్యమంత్రిని ముఖ్యమంత్రి అనకుండ సీఈవో అని పొగిడిన రోజులు అవి. ఆ భాషలో రైతు లెక్కల్లో ఒక అంకె, బడి ఒక ఖర్చు. తర్వాత రేషనలైజేషన్ అన్న మాట వచ్చింది. మాట వినసొంపుగానే ఉంటది. ఊర్లె దాని అర్థం ఏంది? పిల్లలు తక్కువున్న బడికి తాళం, టీచరుకు బదిలీ. అందుకే ఈ మాటలు వింటే మనకు అనుమానం వస్తది. రావాలె కూడా.

అయినా మేం ఇయ్యాల ఈ అంశం మాట్లాడుతం. ఎందుకంటే కొడవలి దొర చేతిలో ఉంటే మన పంట కోసుకపోతది, మన చేతిలో ఉంటే మన పంటే ఇంటికొస్తది. కొడవలి తప్పు కాదు. మేనేజ్‌మెంట్ శాస్త్రంలో జీతాలు కోసే పాఠాలు ఉన్నయి, నిజమే. ఎవరి కోసం చేస్తున్నం, ఏం కావాలె, ఎవరు జవాబుదారి అని అడిగే పాఠాలు కూడా ఉన్నయి. ఈ రెండో రకం పాఠాలు మన విద్యాశాఖ చదువుకోలేదు. ఒక్క మాటలో చెప్పాలంటే, తెలంగాణలో వంద సంవత్సరాలుగా బడి భాష మారిన ప్రతిసారీ ఆర్డరు ముందు వచ్చింది, ఏర్పాటు వెనక వచ్చింది. ఏర్పాటు వచ్చేలోపట ఒక తరం బలైంది. ఏర్పాటు ముందే జరిగిన కథ ఒకటి ఉన్నది. అక్కడ ఇంకో తప్పు జరిగింది. ముందు అదే చెప్పుకుందాం.

ఎవరి కోసం అని అడగని ప్లాను

ఉస్మానియా యూనివర్సిటీ. దేశంలో యూనివర్సిటీలన్నీ ఇంగ్లీషులో చదువు చెప్తున్న కాలంలో, మన గడ్డ మీద ఒక దేశభాషలో ఉన్నత చదువు చెప్పే యూనివర్సిటీ 1918లో వచ్చింది. ఆ భాష ఉర్దూ. ఇది ఎట్ల సాధ్యమైంది? 1917లో ఫర్మానా ఇచ్చిన ఏడాదే నిజాం సర్కారు దారుల్‌తర్జుమా అని అనువాద శాఖను తెరిచింది. మౌల్వీ అబ్దుల్ హక్ దానికి తొలి అధిపతి. చరిత్ర, తర్కం, గణితం, వైద్యం, ఇంజనీరింగు పుస్తకాలను ఉర్దూలోకి తేవడానికి పండితులను జీతాలిచ్చి పెట్టుకున్నరు. కొత్త మాటలు ఎట్ల కట్టాలె, అరబ్బీ నుంచి తేవాలెనా, వాడుక మాట తీసుకోవాలెనా అని తేల్చడానికి కమిటీలు కూసున్నయి. క్లాసులు 1919లో మొదలైనయి. అంటే పిల్లగాడు క్లాసులో కూసునేకంటే ముందు పుస్తకం పని మొదలైంది.

కంపెనీ భాషలో దీన్ని సప్లయి చెయిన్ అంటరు. సరుకు, పనిముట్టు, పనోడు ముందుగా సిద్ధం కావాలె, ఆ తర్వాతే దుకాణం తెరవాలె. ఈ పని ఉస్మానియా కట్టినోళ్లు చేసినంత చక్కగా ఆ తర్వాత మన దగ్గర ఎవరూ చేయలేదు. ఒప్పుకోవాలె.

కానీ మేనేజ్‌మెంట్‌లో దీనికంటే ముందు అడిగే ప్రశ్న ఒకటి ఉంటది. పీటర్ డ్రక్కర్ 1954లో రాసిన పుస్తకంలో వ్యాపారం అంటే ఏందో చెప్తూ, దాని ప్రయోజనం దాని బయట, ప్రజల్లో ఉంటదని వాదించిండు. అంటే మొదటి ప్రశ్న: ఇది ఎవరి కోసం? హైదరాబాద్ రాజ్యంలో తెలుగు మాట్లాడేటోళ్లు సగానికి దగ్గర. ఆ తర్వాత మరాఠీ, కన్నడం. ఉర్దూ ఇంటి భాషగా ఉన్నోళ్లు పది పన్నెండు శాతం. ఎంత గొప్ప అనువాదమైనా, నల్లగొండ పల్లెలో పశువులు కాసే పిల్లగానికి ఆ పుస్తకం ఇంగ్లీషు పుస్తకమంత దూరంలోనే ఉండె. ఏర్పాటు బ్రహ్మాండం. కానీ ఎవరి కోసమన్న ప్రశ్న అడగలేదు.

అడిగినోళ్లు బయట ఉన్నరు. 1901లో హైదరాబాద్‌లో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం, 1904లో హనుమకొండలో రాజరాజనరేంద్ర ఆంధ్ర భాషా నిలయం పెట్టినోళ్లు. 1921 నవంబరులో హైదరాబాద్‌లో కార్వే అధ్యక్షతన జరిగిన సంఘ సంస్కరణ సభలో ఆలంపల్లి వెంకటరామారావు తెలుగులో మాట్లాడబోతే ఎగతాళి చేసిండ్రు. ఆ రాత్రే ఆంధ్ర జన సంఘం పుట్టింది. సర్కారు ప్లానులో లేని జనం తమ ప్లాను తామే వేసుకున్నరు.

ఇంకో పెద్దమనిషి ఏం చేసిండో చూడుండ్రి. తెలంగాణలో కవులే లేరు అని ఎవరో అంటే, సురవరం ప్రతాపరెడ్డి తిట్టు రాసి ఊకోలేదు. ఊరూరా కబురు పంపి, వివరాలు తెప్పించి, 1934లో గోలకొండ కవుల సంచిక తెచ్చిండు. 354 మంది కవులు. లేరన్న మాటకు లెక్కతో జవాబు. మాకు తెలిసినంతలో మన భాషకు మనం చేసుకున్న గొప్ప సర్వే అది. 2025లో తెలుగు విశ్వవిద్యాలయానికి సురవరం పేరు పెట్టుకున్నం. సంతోషం. పేరుతోపాటు ఆయన పద్ధతిని కూడా తీసుకోవాలె గదా.

మాధ్యమం మారింది, కొలువు పోయింది

1948 సెప్టెంబరులో పోలీసు చర్య జరిగింది. ఆ వెంటనే ఉస్మానియాలో ఉర్దూ పోయి ఇంగ్లీషు వచ్చింది. దారుల్‌తర్జుమా చేసిన ముప్పై ఏండ్ల పని అటకెక్కింది. ఉర్దూలో లెక్కలు, చట్టం, వైద్యం నేర్చుకున్న మన పెద్దలు ఒక్కపారి ఇంగ్లీషు ఫైళ్ల ముందు నిలబడ్డరు. వాళ్లకు తెలివి తక్కువైందా? లేదు. వాళ్ల భాష చెల్లని నోటైంది. ఇంగ్లీషులో చదువుకొని వచ్చిన బయటి ప్రాంతపోళ్లకు కొలువులు దొరికినయి. 1952లో ముల్కీ ఉద్యమం ఎందుకు లేచిందో, సిటీ కాలేజీ దగ్గర విద్యార్థుల మీద కాల్పులు ఎందుకు జరిగినయో చదివేటప్పుడు, దాని వెనక ఈ భాష సంగతి కూడా ఉన్నదని గుర్తుపెట్టుకోవాలె.

ఉద్యోగ మిత్రులకు ఇది చెప్పే పని లేదు. 1956 పెద్దమనుషుల ఒప్పందంలో నియామకాలతోపాటు, పాలనలో, కోర్టుల్లో ఉర్దూ స్థానం గురించి కూడా రాసుకున్నరు. ఎందుకు రాసుకున్నరు? భాష మారితే కొలువు మారుతదని వాళ్లకు అనుభవం మీద తెలుసు కాబట్టి. భాష ప్లాను అంటే సాహిత్యం సంగతి ఒక్కటే కాదు. ఎవరు పరీక్ష పాసైతరు, ఎవరు ఫెయిలైతరు, ఎవరి జీతం ఎవరికి పోతదన్న సంగతి.

కంపెనీలు కొత్త మిషను తెచ్చేటప్పుడు పాత మిషను మీద పనిచేసేటోనికి ట్రైనింగు ఇస్తయి. కొన్నాళ్లు రెండూ నడుపుతయి. దీనికి వాళ్లు పెట్టుకున్న పేరు చేంజ్ మేనేజ్‌మెంట్. మంచితనంతో చేస్తరని కాదు, లేకుంటే ఉత్పత్తి ఆగుతదని చేస్తరు. మన దగ్గర మిషను మార్చినరు, మనిషిని వదిలేసినరు.

మార్లవాయిలో నడిచిన చిన్న బడి

అన్నీ తప్పులే జరిగినయా అంటే కాదు. ఆదిలాబాద్ అడవుల్లో 1940లో కొమురం భీం నేలకొరిగిన తర్వాత, గోండుల సంగతి చూడమని నిజాం సర్కారు హైమన్‌డార్ఫ్ అనే మానవ శాస్త్రవేత్తను పంపింది. ఆయన మార్లవాయిలో గోండుల నడుమ ఉండి, వాళ్ల మాట నేర్చుకొని, 1943లో అక్కడే టీచర్ల శిక్షణ కేంద్రం పెట్టించిండు. బయటి నుంచి టీచర్లను తేలేదు. మరాఠీ చదవడం కొంత వచ్చిన గోండు యువకులనే తీసుకొని తయారు చేసిండ్రు. గోండీ వాచకాలు దేవనాగరి లిపిలో అచ్చేసిండ్రు, ఎందుకంటే ఆ టీచర్లకు వచ్చిన లిపి అదే.

ఈ ఒక్క సంగతి దగ్గర కొంచెం ఆగుదాం. లిపి ఏది గొప్పది అన్న చర్చ పెట్టలేదు. ఉన్న మనిషికి ఏ లిపి వచ్చో చూసి పుస్తకం చేసిండ్రు. ముందు పిల్ల ఇంటి మాట. దాని నుంచి టీచరు. టీచరు నుంచి లిపి. లిపి నుంచి పుస్తకం. ఆ తర్వాత బడి. ఉస్మానియాతో పోలిస్తే ఇది చీమంత. కానీ వరుస సరైన వరుస.

మరి ఏమైంది? రాజ్యం మారింది, అధికారులు మారిండ్రు, గోండీ వాచకాలు మూలకు పోయినయి, తెలుగు మీడియం వచ్చింది. ఆ తర్వాత అరవై ఏండ్లకు, 2004 నాటికి ఉమ్మడి రాష్ట్రంలో మళ్లీ గోండీ, కోయ, కొలామీ, బంజారా సహా 8 భాషల్లో గిరిజన పిల్లలకు మాతృభాషలో చదువు మొదలుపెట్టిండ్రు. మంచి పనే. కానీ అది ప్రయోగంగా మొదలై, అందరు పిల్లలకు అందే పనిగా ఎదగలేదు. కంపెనీలో ఒక పైలట్ ప్రాజెక్టు మొదలుపెడితే, ఎన్నేండ్లకు తీర్పు చెప్పాలె, నెగ్గితే ఎంతకు పెంచాలె, ఓడితే ఎందుకు ఓడిందో ఎవరు రాయాలె అని మొదటి రోజే రాసుకుంటరు. మన దగ్గర పైలట్ అంటే ఒక అధికారి ఉన్నన్నాళ్లు నడిచేది. ఆ సారు బదిలీ అయితే అది కూడా బదిలీ.

తెలుగోళ్లకు ఉర్దూ ఎట్లనో, గోండు పిల్లకు తెలుగు అట్లనే. మన యాసను సినిమాల్లో ఎక్కిరిస్తే మనకు కాలింది. మన బడిలో కొలామీ పిల్లను ఎక్కిరిస్తే మనకు కాలాలె.

ఆఖర్న పరీక్ష పెడితే సరుకు బాగుపడదు

ఇప్పటి రాష్ట్రానికి వద్దాం. 2014 జూన్ 2న రాష్ట్రం వచ్చింది. కాళోజీ పుట్టినరోజు సెప్టెంబరు 9ని తెలంగాణ భాషా దినోత్సవం చేసుకున్నం. తెలుగు వాచకానికి సింగిడి అని పేరు పెట్టుకున్నం. ఇంద్రధనుస్సు అంటే తప్ప మార్కులు పడని రోజుల నుంచి, సింగిడి అన్న మన మాట పుస్తకం అట్ట మీదికి వచ్చింది. ఇది చిన్న గెలుపు కాదు. కొట్లాడి తెచ్చుకున్నది.

అయితే ఆ అట్ట తెరిచి పిల్ల చదవగలుగుతున్నదా?

అసర్ పేరుతో 2005 నుంచి దేశమంతటా ఒక సర్వే నడుస్తున్నది. వాలంటీర్లు బడికి కాదు, ఇంటికి పోతరు. పిల్ల ముందు ఒక కాగితం పెడతరు. అక్షరాలు, మాటలు, చిన్న పేరా, రెండో తరగతి స్థాయి కథ. ఎక్కడిదాకా చదివితే అక్కడ గీత గీస్తరు. అంతే పరీక్ష. ఐదో తరగతి పిల్లల్లో ఎంతమంది ఆ రెండో తరగతి కథ చదవగలరో చూస్తే, ఏ రాష్ట్రమూ తల ఎత్తుకొని తిరిగే పరిస్థితి లేదు. మన రాష్ట్రమూ అందులో ఉన్నది.

మన దగ్గర లెక్కలోకి వచ్చేది ఒక్కటే: పదో తరగతి రిజల్టు. జిల్లాల ర్యాంకులు, కలెక్టర్ల సమీక్షలు, స్పెషల్ క్లాసులు, సాయంత్రం అల్పాహారం. అన్నీ పదో తరగతికే. దీని మీద డెమింగ్ అనే అమెరికన్ పెద్దమనిషి మాట ఒకటి చెప్పాలె. 1950లో జపాన్ పోయి అక్కడి ఇంజనీర్లకు నాణ్యత పాఠాలు చెప్పినాయన. ఆయన వాదన ఇది: సరుకు తయారైనంక ఆఖర్న నిలబడి మంచిది, చెడ్డది అని ఏరితే నాణ్యత రాదు. తయారయ్యే ప్రతి మెట్టు దగ్గర చూసుకోవాలె. పదో తరగతిలో ఫెయిలైన పిల్ల పదో తరగతిలో ఫెయిల్ కాలేదు. రెండో తరగతిలో చదవడం రాకుండ మూడుకు పంపిననాడే ఫెయిలైంది. ఎనిమిదేండ్ల తర్వాత మనకు కబురు తెలిసింది.

2021లో కేంద్రం నిపుణ్ భారత్ అని పెట్టింది. మన దగ్గర 2022 ఆగస్టు 15 నుంచి తొలిమెట్టు పేరుతో చిన్న తరగతుల్లో చదవడం, రాయడం, లెక్కలు పట్టించే పని మొదలైంది. ఆలోచన సరైనది. మరి టీచర్లు మాతో ఏం చెప్తున్నరు? పిల్లలతో కూసునే సమయం కంటే ఫారాలు నింపే సమయం ఎక్కువైతున్నదని. నిజం రాస్తే మెమో వస్తదని భయమున్న చోట, కాగితం మీద పిల్లలందరూ చదువుతరు. డెమింగ్ చెప్పిన సూత్రాల్లో భయాన్ని తీసెయ్యాలె అన్నది కూడా ఒకటి. భయపడే మనిషి తప్పు లెక్క ఇస్తడు. తప్పు లెక్క మీద వేసిన ప్లాను నీళ్ల మీద రాత.

జపాన్‌లో టయోటా కార్ల ఫ్యాక్టరీలో ఒక తాడు ఉంటది. లైను మీద పనిచేసే మామూలు కార్మికుడు లోపం చూస్తే ఆ తాడు గుంజొచ్చు. సూపర్‌వైజరు ఉరికొస్తడు, లోపం సరి కాకుంటే లైను ఆగుతది. గుంజినందుకు శిక్ష లేదు. మన ఒకటో తరగతి టీచరు చేతిలో అట్లాంటి తాడు ఉన్నదా? "ఈ పుస్తకం మా పిల్లలకు అందుతలేదు, ఒక నెల ఆగుదాం" అని చెప్పే హక్కు ఉన్నదా? సిలబస్ జూన్ నుంచి ఏప్రిల్ దాకా రైలు లెక్క పోతది. ఎక్కినోళ్లు ఎక్కిండ్రు, దిగబడ్డోళ్లు ప్లాట్‌ఫారం మీద.

మోట ఒక్కటే, మడులు పది

ఇజ్రాయెల్ మనిషి గోల్డ్‌రాట్ 1984లో ఒక ఫ్యాక్టరీ కథను నవలగా రాసిండు. అందులో ప్రధానమైన సంగతి: ఫ్యాక్టరీ వేగం అన్ని మిషన్ల వేగం మీద ఆధారపడదు, అన్నిటికంటే మెల్లగ నడిచే ఒక్క మిషను మీద ఆధారపడుతది. ఇది మన రైతుకు కొత్త కాదు. బావిలో మోట ఒక్కటే ఉంటే పది మడులు చదును చేసి ఏం లాభం? నీళ్లు మోట పోసినన్నే.

బడి భాషలో ఆ మోట ఎవరు? టీచరు. దీన్ని మనసులో పెట్టుకొని తేదీలు చూడుండ్రి. రాష్ట్రం వచ్చినంక మొదటి టీచర్ల నియామక నోటిఫికేషన్ 2017లో, 8,792 పోస్టులకు. వాళ్లు బడికి పోయేసరికి 2019. ఆ తర్వాతి డీఎస్సీ 2024లో, 11,062 పోస్టులకు. ఈ రెండింటి నడుమ, 2022-23 విద్యా సంవత్సరంలో సర్కారు బడుల్లో 1 నుంచి 8వ తరగతి దాకా ఇంగ్లీషు మీడియం పెట్టిండ్రు. ఒక పక్క తెలుగు, ఎదురు పక్క ఇంగ్లీషు ఉండే పుస్తకాలు అచ్చేసిండ్రు. ఆ ఆలోచన తెలివైనదే. ఉన్న టీచర్లకు కొద్దిరోజుల ట్రైనింగు ఇచ్చిండ్రు. కానీ తెలుగు మీడియంలో చదివి, తెలుగు మీడియంలో ఇరవై ఏండ్లు పాఠం చెప్పిన మనిషిని కొద్దిరోజుల్లో ఇంగ్లీషు మీడియం టీచరుగా మార్చొచ్చని ఏ లెక్క చెప్పింది?

మమ్మల్ని తప్పుగా అర్థం చేసుకోవద్దు. ఇంగ్లీషు వద్దని మేం చెప్పుతలేం. 1948 తర్వాత ఇంగ్లీషు లేకనే మన పెద్దలు కొలువులు పోగొట్టుకున్నరు. కూలికి పోయే తల్లి తన బిడ్డకు ఇంగ్లీషు కావాలంటే, ఆమెకు మాతృభాష గొప్పతనం మీద ఉపన్యాసం ఇచ్చే హక్కు మనకెవరికీ లేదు. మన పిల్లలు ఏ బడికి పోతున్నరో మనకు తెలుసు. అయితే ఆ తల్లి అడిగింది ఇంగ్లీషు రావాలని. సర్కారు ఇచ్చింది ఇంగ్లీషు మీడియం అన్న బోర్డు. రెండూ ఒకటి కాదు. ఇంటి భాషలో చదవడం గట్టిపడ్డ పిల్లకు ఇంగ్లీషు మంచి టీచరుతో నేర్పితే వస్తది. వీలైన చోట కనీసం ఐదో తరగతి దాకా ఇంటి భాషలో చెప్పాలని 2020 జాతీయ విద్యా విధానం కూడా రాసుకున్నది. దాన్ని ఒప్పుకోనోళ్లయినా ఒకటి ఒప్పుకోవాలె: ఏ మీడియమైనా పెట్టుండ్రి, మోట ముందు బిగించుండ్రి.

తెలుగు విషయంలోనూ ఇదే కథ. 2017 డిసెంబరులో ప్రపంచ తెలుగు మహాసభలు ఘనంగ చేసుకున్నం. 2018లో చట్టం తెచ్చినం: రాష్ట్రంలో అన్ని బడుల్లో, ఏ బోర్డు బడైనా, తెలుగు తప్పనిసరిగా నేర్పాలె. ఒకటి, ఆరు తరగతుల నుంచి మొదలుపెట్టి ఏడాదికో మెట్టు పైకి పోవాలె. కాగితం మీద ఈ మెట్ల పద్ధతి సరైన ప్లానే. కానీ వేరే రాష్ట్రం నుంచి వచ్చిన పిల్లకు, ఇంట్లో తెలుగు లేని పిల్లకు ఏ పుస్తకం, ఏ టీచరు? ఇది తేలలేదు. 2025లో మళ్లీ ఉత్తర్వు ఇవ్వాల్సి వచ్చింది: సీబీఎస్‌ఈ వంటి బోర్డుల బడుల్లో తొమ్మిది, పది తరగతులకు సులభ వాచకం వెన్నెల వాడమని. చట్టం వచ్చిన ఏడేండ్లకు పుస్తకం సంగతి. ఆర్డరు ముందు, ఏర్పాటు వెనక.

గిరాకీ లేని సరుకు

విద్యార్థి మిత్రులకు ఒక ప్రశ్న. ఇంటర్మీడియట్‌లో మీ క్లాసులో ఎంతమంది సెకండ్ లాంగ్వేజీగా తెలుగు తీసుకున్నరు? ఎంతమంది సంస్కృతం తీసుకున్నరు? సంస్కృతం మీద ప్రేమతో తీసుకున్నోళ్లు చెయ్యెత్తుండ్రి. చూస్తిరా. మార్కులు పడతయని తీసుకున్నరు. పదేండ్లు తెలుగు చదివి ఇంటర్‌లో వదిలిపెట్టిన పిల్లలది తప్పు కాదు. మార్కు ఎటు గుంజితే పిల్లలు అటు పోతరు. మేనేజ్‌మెంట్‌లో దీనికి మొదటి పాఠం: నువ్వు దేన్ని కొలిచి బహుమానం ఇస్తవో అదే నీకు ఎక్కువ దొరుకుతది. తెలుగు బతకాలె అని సభల్లో చెప్పుకుంట, మార్కుల పద్ధతిలో తెలుగును వదిలిపెట్టినోనికి బహుమానం ఇస్తున్నం.

ఉద్యోగ మిత్రులకు కూడా ఒక ప్రశ్న. 1966లోనే తెలుగు అధికార భాష అయింది. 2017లో ఉర్దూ రాష్ట్రమంతటా రెండో అధికార భాష అయింది. మీ టేబుల్ మీదికి వచ్చే జీవోలు ఏ భాషలో వస్తున్నయి? మీరు రాసే నోట్ ఫైల్ ఏ భాషలో ఉన్నది? భూమి కాగితం, కోర్టు తీర్పు, దవాఖాన చీటీ, బ్యాంకు నోటీసు ఇంగ్లీషులో ఉన్నన్నాళ్లు, తెలుగు నేర్చుకుంటే ఏం వస్తదని పిల్ల అడుగుతది. ఆ పిల్లది సరైన లెక్క. గిరాకీ లేని సరుకును చట్టం పెట్టి అమ్మలేం. గిరాకీ పుట్టించేది బడి కాదు, ఆఫీసు. అంటే మీరు.

లాభనష్టాలు చూడొద్దని ఎక్కడ చెప్పాలె

ఇంత చెప్పినంక, ఈ సూత్రాలు ఎక్కడ ఆగాలెనో కూడా చెప్పాలె. లేకుంటే విజన్-2020 వెనక దారి నుంచి మళ్లీ వస్తది.

కంపెనీ నష్టమొచ్చే బ్రాంచిని మూసేస్తది. కొలామీ మాట్లాడే ఊర్లె పది మంది పిల్లలున్న బడి ఎన్నడూ లాభం చూపదు. దాన్ని మూస్తే ఖర్చు మిగులుతది, ఒక భాష పోతది. పోయిన భాషను మార్కెట్ తిరిగి తేలేదు. కంపెనీకి కస్టమర్ నచ్చకుంటే వేరే కస్టమర్ దొరుకుతడు. సర్కారు బడి అట్ల అనలేదు. తలుపు ముందుకు వచ్చిన ప్రతి పిల్ల దానిదే. ఇంకోటి, పిల్ల కస్టమర్ కాదు, సరుకు అసలే కాదు. పిల్ల హక్కుదారు. కాబట్టి లెక్క రాసే పద్ధతి మేనేజ్‌మెంట్ దగ్గర తీసుకుందాం. ఏది విలువైనదో తేల్చే హక్కు మాత్రం వాళ్లకు ఇయ్యొద్దు. అది జనానిది.

ఒక కాగితం, ఐదు ప్రశ్నలు

మరి మనం ఏం చేయాలె? పెద్ద పెద్ద తీర్మానాలు ఇయ్యాల వద్దు. కంపెనీల్లో ఆడిట్ అని చేస్తరు. మనం మన ఊరి బడికి భాష ఆడిట్ చేద్దాం. ఒక కాగితం, ఐదు ప్రశ్నలు.

ఒకటి, ఈ బడి పిల్లలు ఇంట్లో ఏ భాష మాట్లాడుతరు? ఒక్కొక్క భాషకు ఎంతమంది?

రెండు, మూడో తరగతి పిల్లల్లో చిన్న కథ ఒకటి తడుముకోకుండ చదివి, అందులో ఏముందో తన మాటల్లో చెప్పేటోళ్లు ఎంతమంది?

మూడు, టీచర్లు ఎంతమంది ఉండాలె, ఎంతమంది ఉన్నరు, ఖాళీ ఎప్పటి నుంచి ఉన్నది? ఉన్నోళ్లు ఏ భాషలో ధైర్యంగ పాఠం చెప్పగలరు?

నాలుగు, జూన్‌లో బడి తెరిచిన నాడు పుస్తకాలు చేతికి వచ్చినయా, రాకుంటే ఏ నెలలో వచ్చినయి?

ఐదు, టీచరు పైకి చెప్పిన సమస్యకు జవాబు ఎన్ని రోజులకు వచ్చింది, ఎవరు ఇచ్చిండ్రు?

ఈ కాగితం నింపడానికి కన్సల్టెంట్ అక్కర లేదు. విద్యార్థులు సెలవులకు ఊరికి పోయినప్పుడు ఒక పూట చాలు. టీచరును నిలదీయడానికి పోవద్దు, టీచరు చేతికి ఆ తాడు అందించడానికి పోవాలె. ఉద్యోగులు ఆ కాగితాలను మండలం వారీగా, జిల్లా వారీగా కలపాలె. ఏ పోస్టు ఎక్కడ ఆగిందో, ఏ ఫైలు ఎవరి దగ్గర ఉన్నదో మీకంటే బాగ ఎవరికి తెలుసు? పత్రికల్లో పనిచేసే మేం దాన్ని అచ్చేస్తం. పేరు పెట్టి టీచరును కాదు, తేదీ పెట్టి సర్కారును అడుగుతం. ఏ పార్టీ సర్కారైనా సరే.

ఇదంతా అయ్యే పనేనా అని ఎవరన్న అంటే, 2011 యాది చేసుకోండ్రి. సకల జనుల సమ్మె 42 రోజులు నడిచింది. బొగ్గు బాయి కార్మికుడు, బస్సు డ్రైవరు, పంతులు, గుమాస్తా, వకీలు ఒక్కతాటి మీద నిలబడ్డరు. ఎవరు ఏనాడు దిగాలె, జీతం లేని ఇంటికి బియ్యం ఎవరు పంపాలె, రోడ్డు మీద వంటా వార్పుకు కట్టెలు ఎవరు తేవాలె, అన్నీ ఊరూరా లెక్క ప్రకారం జరిగినయి. ఏ బిజినెస్ స్కూల్లో నేర్చుకున్నమని? రాష్ట్రం కోసం అంత పొందికగా పనిచేసిన మనుషులం, మూడో తరగతి పిల్ల కథ చదువుతున్నదో లేదో లెక్క తీయలేమా?

నీళ్లు, నిధులు, నియామకాలు అని కొట్లాడినం. ఆ మూడింటి లెక్కలు అడగడం మనకు వచ్చు. టీఎంసీలు నోటికి చెప్తం. బడ్జెట్ వాటా నోటికి చెప్తం. మన పక్క బడిలో చదవడం వచ్చిన పిల్లలు ఎంతమందో మాత్రం చెప్పలేం. ఈ జూన్ నుంచి అది కూడా నోటికి చెప్పేటట్టు కావాలె. కాగితాలు బయట బల్ల మీద పెట్టినం. పోయేటప్పుడు మీ ఊరి బడి పేరు రాసి ఒకటి తీసుకపోండ్రి.

జై తెలంగాణ.